నవమినాటి పానా

నాకు ముక్కు మీద కోపం. ఒకప్పుడు ఈ మాట గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పక్క చేనివాడి ఎద్దు మా గట్టు దాటితే చాలు, కట్టె పుచ్చుకుని ఉరికేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు "వాని జోలికి వోకుర్రి" అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే, అదేదో బిరుదు ఇచ్చినట్టు మీసం దువ్వుకునేవాణ్ణి. థూ, అదీ ఒక బతుకేనా అని ఇప్పుడు అనిపిస్తుంది.

మా తమ్ముడు వేరే రకం. నాకన్నా ఐదేళ్ళు చిన్న. వాడికి కోపం వస్తే నోరు మూసుకుని, గుడ్డ తీసుకుని కారు తుడుచుకుంటూ కూర్చునేవాడు. కారంటే పాత అంబాసిడర్, తెల్లది, ఎవరో వాడి వాడి వదిలేసింది. మాది అమరచింత దగ్గర ఊరు. నేను సేద్యం చూసుకుంటే, వాడు ఆ కారును కిరాయికి తిప్పేవాడు. వనపర్తి కోర్టుకు పోయేవాళ్ళు, నాగర్‌కర్నూలు వైపు సంబంధం చూడబోయేవాళ్ళు, గద్వాల దవాఖానకు పోవలసిన నిండు గర్భిణులు, అందరూ వాణ్ణే అడిగేవాళ్ళు. గుంతలో చక్రం పడినా లోపల కూర్చున్నవాళ్ళకు తెలియనివ్వడని వాడికి పేరు. ఆ పేరే వాడికి అన్నం పెట్టేది.

నాకు కూడా కారు నేర్పాడు. కోసిన జొన్నచేలో నాలుగు సాయంత్రాలు. ఐదో సాయంత్రం నేను కందికట్టె కుప్పలోకి తోలాను. ఆ తర్వాత తాళం నా చేతికి ఇవ్వడానికి జంకేవాడు. అది నాకు లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. అప్పటికి మా వైపు నూటెనిమిది బండి లేదు, సెల్‌ఫోన్లు ఊరికి ఒకటో రెండో. దసరా ముందురోజు, మహర్నవమి. మాకు కన్నడ సీమ దగ్గర కాబట్టి నవమి పూజ పట్టింపుగా చేస్తాం. ఎవడి పనిముట్లు వాడు కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు వరసగా పేర్చాలి. నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, అన్నీ. అవి మళ్ళీ దశమి పొద్దున లేపేదాకా ముట్టకూడదు. తమ్ముడు కారు డిక్కీలోంచి జాకీ, పానా, పట్టుకారు, స్క్రూడ్రైవర్లు తీసి, కిరసనాయిలుతో తుడిచి, పసుపు రాసి పెట్టాడు. పానా అంటే చక్రం నట్లు విప్పేది, మూరెడు ఇనుపరాడు, కొసకు బుడిపె. కారు ముందు కోడిని కోసి, నాలుగు టైర్లకూ రక్తం అంటించాం. అంతా సవ్యంగానే అయింది.

మధ్యాహ్నం బస్సుకు మా బామ్మర్ది దిగాడు. లింగాల నుంచి వచ్చాడు, నా భార్యనూ పిల్లలనూ పండక్కి తీసుకుపోవడానికి. నాలో దెయ్యం లేచింది. బస్సులో ఎందుకు, మన కారు ఉంది కదా, నేనే నడుపుకొస్తాను, మీ ఊళ్ళో దిగుతాను చూడు అని వాడి ముందు రొమ్ము విరుచుకున్నాను. తాళం ఇమ్మని తమ్ముణ్ణి అడిగాను.

"ఈపొద్దు వద్దన్నా" అన్నాడు వాడు, కారు అద్దం తుడుస్తూ. "పానా, జాకీ పూజల ఉన్నయి. తొవ్వల టైరు పోతే ఏం చేస్తవు? ముందర ఎడమటైరు అరిగి గుండైంది. రేపు అవి లేపినంక నేనే తోలుకపోత అందర్ని."

మంచి మాటే కదా. పిల్లవాడికి చెప్పినా అర్థమయ్యే మాట. కానీ నాకు వినపడింది వేరు. బామ్మర్ది ముందు, నా భార్య ముందు, కారు నడపడం నీకు రాదురా అని వాడు అన్నట్టు వినపడింది.

"తాళమియ్యి" అన్నాను.

"ఇయ్యనన్నా."

"నాకే ఎదురు చెప్తవా?"

"ఎదురు గాదు. టైరు మంచిగ లేదు అంటున్న."

చెయ్యి జారింది అంటారు ఇట్లాంటి చోట. నా చెయ్యి జారలేదు. లోపలికి నడిచాను, దేవుడి ముందు వంగాను, జాకీ పక్కనున్న పానాను ఎత్తాను, దాని మీది పూవు కింద పడితే తొక్కుకుంటూ బయటికి వచ్చాను. పది అడుగులు ఉంటుంది. ఆ పది అడుగుల్లో ఎక్కడైనా ఆగవచ్చు. మా అమ్మ గడపలోంచి "పూజల పానా ముట్టినవేందిరా" అంది. వాడు అద్దం తుడుస్తున్నవాడల్లా ఇటు తిరిగాడు. కొట్టాను.

బుడిపె వాడి ఎడమ కంటి మీద పడింది. పచ్చికాయ పగిలినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు ఈ రోజుకీ నా చెవిలో ఉంది. వాడు అరవలేదు. కారు మీద చెయ్యి వేసుకుంటూ మెల్లగా కూర్చుండిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. మా అమ్మ నన్ను చెంపల మీద, వీపు మీద ఎక్కడ దొరికితే అక్కడ కొడుతూ "నా కొడుకును సంపితివి గదరా" అని ఏడ్చింది. బామ్మర్ది గోడకు అంటుకుపోయాడు. నా భార్య లోపలికి పోయి పిల్లల మొహాలు కొంగులో దాచుకుంది.

నేను పానాను వాకిట్లో పారేసి, తమ్ముణ్ణి చంకల కింద పట్టి లేపి కారులో ముందు సీటులో కూర్చోబెట్టాను. తాళం వాడి జేబులోనే ఉంది. తీసుకున్నాను. ఎవరినీ ఎక్కించుకోలేదు. ఆ కన్ను పోతే వాడి పని పోతుంది, వాడే పోతే నేను ఖూనీకోరునవుతాను. నా బుర్రలో ఈ రెండే తిరుగుతున్నాయి, ఏది ముందు తిరిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

గద్వాల వైపు తోలాను. పండగ మధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి లేడు. గేర్లు కరకరలాడుతున్నాయి. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు, ఎదురుగా ఏమీ లేకపోయినా. వాడు తలకు తువ్వాలు చుట్టుకుని, తల తలుపుకు ఆనించి కూర్చున్నాడు. రెండుసార్లు "మెల్లగన్నా" అన్నాడు. నేను వినలేదు.

జూరాల ఆనకట్ట మీదికి ఎక్కాం. పైన రోడ్డు సన్నగా ఉంటుంది, అటూ ఇటూ గోడ. ఆ రోజు కొన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి. కింద కృష్ణ బండలకు కొట్టుకుని గర్జిస్తోంది, తుంపరలు అద్దం మీదికి వస్తున్నాయి. సగం దాటామో లేదో, ఢాం అని పేలింది. ఎవరో తుపాకి కాల్చారనుకున్నాను. స్టీరింగు నా చేతుల్లోంచి ఎడమకు గుంజుకుంది. గోడ మా మీదికి వచ్చింది. నా కాలు బ్రేకు మీదికి పోయింది.

"బ్రేక్ తొక్కకు." వాడి గొంతు. రక్తం కారుతున్నవాడి గొంతులా లేదు. "కాలు తియ్యి. రెండు కాళ్ళు తియ్యి. స్టీరింగు ఇడువకు, సక్కగ పట్టు, అది గుంజనీ, నువ్వు కుడికి ఆపుకో."

కాలు తీశాను. ఎట్లా తీశానో నాకే తెలియదు, ఒళ్ళంతా తొక్కు తొక్కు అంటోంది. కారు వెనక భాగం ఊగింది. ఎడమ బంపరు గోడను రాసుకుంటూ కీచుమంది, నిప్పులు లేచాయి. నేను పళ్ళు బిగించి పట్టుకున్నాను.

"గట్లనే. ఇప్పుడు సెకండుకు దింపు. దానంతట అదే ఆగుతది. ఇంక జర మెల్లగైనంక బ్రేకు మీద కాలు ఆనియ్యి, తొక్కకు, ఆనియ్యి."

ఆగింది. గోడకు జానెడు దూరం. అప్పుడే బ్రేకు తొక్కి ఉంటే ఆ గోడ ఆపేదో లేదో దేవుడికే ఎరుక.

దిగి చూశాను. ముందు ఎడమ టైరు. పొద్దున కోడి రక్తం అంటించిన టైరు, వాడు గుండైంది అన్న టైరు. పక్కన జానెడు చీలిపోయి వేలాడుతోంది. ఉరుక్కుంటూ వెనక్కి పోయి డిక్కీ తెరిచాను. స్టెప్నీ ఉంది. పిడికిలితో గుద్ది చూశాను, గాలి నిండుగా ఉంది. జాకీ కోసం వెతికాను. పానా కోసం వెతికాను. గోనెసంచి దులిపాను, చాప లాగి పారేశాను. అప్పుడు గుర్తొచ్చింది. జాకీ బొట్టు పెట్టుకుని దేవుడి ముందు ఉంది. పానా మా వాకిట్లో ఉంది.

కారును తన్నాను. డిక్కీ మూతకు నా నెత్తి వేసి కొట్టుకున్నాను. ఏమైందన్నా అని వాడు లోపలి నుంచి అడిగాడు.

"పానా లేదు" అన్నాను.

"పానా యాడుంటదన్నా, నీ చేతులనే ఉండె గద" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. తాళం ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు. తిట్టినా బాగుండేది.

వాడే దిగాడు. కారు పట్టుకుని చుట్టూ నడిచి, వెనక సీటులో కుడివైపు, నా వెనక కూర్చున్నాడు. ముందు ఎడమ చక్రం మీద బరువు తగ్గాలట. చీలిన కన్ను ఒకచేత్తో పట్టుకుని కారు బరువు ఎక్కడ పడాలో లెక్కచూశాడు వాడు. "ఫస్టుల వోనియ్యి. మనిషి నడిసినంత. రిమ్ము పోతది, పోనీ. తిప్పుడు తక్కువ తిప్పు, గుంత కనపడితే ముందే చెప్పు నాకు" అన్నాడు.

అట్లాగే పోయాం. రబ్బరు రెక్కలు మడ్‌గార్డును దబదబ బాదుతున్నాయి. ప్రతి దెబ్బకూ కారంతా అదిరేది, వాడి పంటి కింద నుంచి ఊపిరి బుస్సుమనేది. కొంత దూరం పోయాక రబ్బరు ఊడి ఎగిరిపోయింది. ఇక ఇనుము రోడ్డును గీరే చప్పుడే.

ఆనకట్ట దాటాక రోడ్డు పక్కన ఒక ఇల్లు, ఇంటి ముందు ట్రాక్టరు. దాని ముందు చక్రాలు విప్పి, ఇరుసు కింద రాళ్ళు పెట్టారు. చక్రాలు విప్పారంటే జాకీ, పానా ఉన్నట్టే. ఇంటాయన అరుగు మీద కూర్చుని బువ్వ తింటున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. పానా ఇమ్మన్నాను.

"నవమి నాడు పానా లేపుతరా ఎవలన్న? పూజల ఉన్నది. పొద్దుగాల రా" అన్నాడు ముద్ద కలుపుతూ.

నేను ఆయన గల్లా పట్టి లేపాను. కంచం ఎగిరి పడింది. చెంప మీద కొట్టాను, ఇంకోటి కొట్టాను. పెద్దాయన, ఏ పాపమూ ఎరగనివాడు. నోట్లో ముద్ద ఉంది, మింగనూ లేక ఉమ్మనూ లేక నన్నే చూస్తున్నాడు. మళ్ళీ చెయ్యి లేపాను.

"ట్రాక్టర్ పానా మన నట్లకు పడదన్నా" అని కారులోంచి వినపడింది. "ఆయన్ని ఇడువు. రా."

చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఒకే రోజు రెండోసారి ఒక మనిషిని ఊరకే కొట్టాను. ఆయన నన్ను తోసేసి కారు దగ్గరికి పోయి లోపలికి తొంగి చూశాడు. చూసి, ఇంట్లోకి పోయి చెంబెడు నీళ్ళు, ఉతికిన తువ్వాలు తెచ్చాడు. తమ్ముడి నోటికి తనే చెంబు అందించాడు. చెంప మీద నా వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఎవడు కొట్టిండు గిట్ల?" అని అడిగాడు.

"పడ్డడు" అన్నాను నేను.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పో. జల్ది పో. నన్ను ఇంకొకనాడొచ్చి కొడుదువుగాని" అన్నాడు.

గద్వాల ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు. ఎంతసేపు పట్టిందో తెలియదు. వెనక నుంచి వాడు చెబుతూనే ఉన్నాడు, ఎడమకు పోతుంది ఆపుకో, క్లచ్చు వదులు, రిమ్ము కాలిన వాసనొస్తే చెప్పు. నడుమ మాట ఆగిపోతే నాకు ప్రాణం పోయేది. "తమ్మీ" అని పిలిచేవాణ్ణి. "ఉన్నన్నా, నడుపు" అనేవాడు. ఏడుస్తూ నడిపాను. అన్నీ నేర్చుకున్నాను ఆ రోజు. కోసిన జొన్నచేలో నేర్చుకోనివన్నీ.

దవాఖానలో వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టారు. దెబ్బ చూడగానే పోలీసాయన్ని పిలిచారు. ఆయన కాగితం తీసి ఎట్లా తగిలిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు తమ్ముడు చెప్పాడు.

"టైరు పంక్చరైంది సార్. నట్టు విప్పుతుంటే పానా ఎగిరి కొట్టింది."

పోలీసాయన బయటికి పోయి కారు చూసి వచ్చాడు. "నట్లు ఒక్కటి సుత కదలలే. చక్రం గట్లనే ఉన్నది. పానా ఏది మరి?" అన్నాడు.

"మొదటి నట్టుకే తగిలింది సార్. కోపమొచ్చి ప్రాజెక్టుల ఇసిరేసిన" అన్నాడు వాడు.

కోపమొచ్చిందట. వాడికి. పుట్టిన దగ్గర్నుంచి వాడు కోపంతో ఒక గులకరాయి విసిరింది నేను చూడలేదు. నా కోపాన్ని తన మీద వేసుకున్నాడు. పోలీసాయన నా వైపు తిరిగాడు. నా చొక్కా మీది రక్తం చూశాడు, చేతులు చూశాడు.

"నువ్వు చెప్పు. నిజమేనా?"

నేనే కొట్టిన సార్ అనాలి. మూడు మాటలు. తమ్ముడు మంచి కన్నుతో నన్నే చూస్తున్నాడు, వద్దని తల ఊపాడు. వాడు వద్దన్నాడని ఊరుకున్నానని చెప్పుకుంటే సులువు. కాదు. భయపడ్డాను. ఊరంతా భయపడే మొగోణ్ణి, ఒక కాగితానికీ పెన్నుకూ భయపడ్డాను. "నిజమే సార్" అన్నాను.

అక్కడి నుంచి కర్నూలు కంటి దవాఖానకు పంపారు. అక్కడి డాక్టరు నన్ను బయటికి పిలిచి కన్ను దక్కదని చెప్పాడు. తొవ్వలో టైరు పేలి ఆలస్యమైంది సార్, ముందే తెస్తే దక్కేదా అని అడిగాను. అవునంటాడేమోనని ఆశ. తప్పంతా ఆ టైరుకు అంటగట్టి బతకవచ్చు కదా. "దెబ్బతోనే పోయింది. గంట ముందొచ్చినా ఇంతే" అన్నాడు డాక్టరు.

కట్టు కట్టుకుని పడుకున్న తమ్ముడు నన్ను అడిగిన మొదటి మాట, రిమ్ము పనికొస్తుందా అని. నేను మంచం పక్కన కూలబడి వాడి కాళ్ళు పట్టుకున్నాను. "లెవ్వన్నా, అందరు చూస్తున్నరు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పానా వాకిట్లోనే ఉంది. ఎవరూ ముట్టలేదట. మా అమ్మ దాని మీద గంప బోర్లించింది. దాన్ని తీసుకుపోయి నిజంగానే జూరాలలో పారేస్తానని లేచాను. "పానా లేకుంట బండి ఎట్ల నడుస్తది?" అన్నాడు తమ్ముడు. కడిగి డిక్కీలో పెట్టాడు. ఒంటికన్నుతో కిరాయి కారు నడపకూడదు కాబట్టి అప్పటి నుంచి నేనే నడిపాను. వాడు పక్కన కూర్చుని చెప్పేవాడు. జనం మొదట్లో ఎక్కడానికి జంకారు. తర్వాత అలవాటు పడ్డారు. ట్రాక్టరు ఇంటాయన దగ్గరికి కూడా ఒకసారి పోయి, కొట్టమని నిలబడ్డాను. ఆయన తమ్ముడి బాగోగులు అడిగి పంపించాడు.

మరుసటి ఏడు నవమి వచ్చింది. వాడే అన్నీ కడిగి పేర్చాడు. కారు ముందు కోడిని పెట్టి కత్తి ఎత్తాడు. ఒంటికన్నుకు దూరం అందలేదు, మొదటి వేటు మట్టిలో పడింది. కోడి అరుస్తూ గింజుకుంది. మా అమ్మ మొహం తిప్పుకుంది. నేను పోయి వాడి చేతిలోంచి కత్తి తీసుకుని, ఒక్క వేటుకు తెంపి, ముందు ఎడమ టైరు దగ్గరికి పోయాను. అక్కడి నుంచి చూస్తే దేవుడి ముందు వరస కనిపిస్తుంది. జాకీ ఉంది, పట్టుకారు ఉంది, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి.

"పానా ఏదిరా?" అన్నాను.

"డిక్కీల ఉన్నది."

"పూజకు పెట్టవా?"

"దాని పూజ పోయినేడే అయింది గదన్నా" అన్నాడు, చేతులు కడుక్కుంటూ. "కోడి రక్తం దానికి ఇంక ఆనదు."

నేను వంగి, చేతిలోని కోడి రక్తం ముందు ఎడమ టైరుకు అంటించాను.